అరచేతి కింద ఞ

సీమోనుకు ఈ లోకంలో ఒక అక్షరం మీద పగ. ఆ అక్షరం ఞ. సైతాను కూర్చుంటే ఇలాగే ముడుచుకు కూర్చుంటాడని భార్య రాజమణితో చాలాసార్లు అన్నాడు. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఒక పనికిమాలినది పద్దెనిమిదేళ్ళు మీ అరచేతి కిందే తిష్ఠ వేసి, పనికొచ్చేదాని కోసం మాత్రం రెక్క ఊడేలా చాపాల్సివస్తే పగ మీకూ పుడుతుంది.

సీమోను లాల్‌దర్వాజాలో బాలకిషన్ సేఠ్ ప్రెస్సులో కంపోజిటరు. పెళ్ళి పత్రికలు, బోనాల కరపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, ఏదైనా సరే ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి పేర్చడమే అతని పని. ఎడమచేతిలో వరస పేర్చే ఇనుప పట్టీ, కుడిచెయ్యి అక్షరాలు పోసి ఉంచిన గడుల మీద. కిషన్‌బాగ్ నుంచి పొద్దున్నే నడిచి వచ్చి, దీపాలు పెట్టేవేళ దాకా నిలబడే ఉంటాడు. పందొమ్మిది వందల యాభై అయిదులో ఇరవయ్యేళ్ళ కుర్రాడుగా చేరాడు. చర్చిలో పెద్దలు కూడా వాక్యం చదవమని అతన్నే లేపేవారు, అంత చదువు ఆ గడుల ముందే వంటబట్టింది.

ఇక ఆ గడుల సంగతి. ప్రెస్సు పెట్టినవాడు బాలకిషన్ తండ్రి కైలాసం. మహా భక్తుడు. అక్షరాలంటే సరస్వతి, సరస్వతిని వరస తప్పించకూడదు అనుకున్నాడు. వాలుగా నిలబెట్టిన చట్రంలో, మనిషి రొమ్ముకు దగ్గరగా ఉన్న కింది వరసలో అ తో మొదలుపెట్టి, పలక మీద పిల్లలు దిద్దినట్టే ఒక్కొక్క వరసా పైకి నింపుకుంటూ పోయాడు. దాంతో ఙ, ఝ, ఞ, ఠ లాంటి సోమరులన్నీ చేతికిందకొచ్చి కూర్చున్నాయి. తెలుగువాడు నోరు తెరిస్తే వచ్చే ర, ల, వ, స పోయి అన్నిటికన్నా పై వరసలో, తలెత్తి చెయ్యి చాపితే గాని అందనంత దూరాన పడ్డాయి. కైలాసం తన జన్మలో ఒక్క వరస పేర్చి ఎరగడు. పేర్చి ఉంటే మధ్యాహ్నానికల్లా సరస్వతి క్షమాపణ అడిగి మార్చేసేవాడు.

పై వరస కోసం రోజుకు ఎంత లేదన్నా వెయ్యిసార్లు చెయ్యి చాపాలి. పద్దెనిమిదేళ్ళు. డెబ్భై మూడు నాటికి సీమోను కుడి భుజంలో రంపం దిగేది. అక్షరాలను అదిమి పట్టుకుని పట్టుకుని ఎడమ బొటనవేలి మొదలు వాచి ఉండేది. చొక్కా గుండీలు రాజమణి పెట్టాలి. అన్నం ముద్ద నోటిదాకా రావడానికి మోచెయ్యి ఒప్పుకునేది కాదు. శాలిబండలో ఎముకలు సరిచేసే ఒక పహిల్వాను గుడ్డు సొన పూసి కట్టు కట్టాడు. కట్టు గట్టిపడింది, నొప్పి మెత్తబడలేదు. డాక్టరేమో మొహమైనా ఎత్తకుండా, వేరే పని చూసుకోమన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ కంపోజిటరుకు వేరే పని ఎక్కడుంటుందో మందుల చీటీ మీద రాయలేదు.

అసలు దారి చూపింది రాజమణి. అన్నం డబ్బా మోసే చెయ్యి కూడా లేకపోయేసరికి మధ్యాహ్నం ఆవిడే తెచ్చి ఇచ్చేది. ఒకరోజు అతను తినేదాకా గడుల వైపు చూస్తూ నిలబడింది.

"గీ అచ్చరం ఏందయ్యా, గింత తళతళ మెరుస్తున్నది?"

"ఞ. దాంతోటి పనే పడదు."

"మరి గా పైన నల్లగ అరిగిపోయినయి?"

"ర, ల, వ, స. పొద్దంత వాటితోనే పని."

రాజమణి అతని వంక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఉప్పు డబ్బ అటుక మీద పెట్టి, పండుగకు ఎక్కే గంగాళం పొయ్యి పక్కకు పెట్టుకుంటరా ఎవలన్న? గింత సదువుకున్నోళ్ళు, మీ దిమాక్ ఏడ వోయింది?"

సీమోను చేతిలో ముద్దను తిరిగి డబ్బాలో పెట్టేశాడు. ఎవరో మూర్ఖుడు పెట్టిన వరసకు తన భుజాన్ని పద్దెనిమిదేళ్ళు అరగదీసి ఇచ్చాడు, ఎందుకని ఒక్కసారైనా అడగలేదు. కైలాసం మీద కన్నా తన మీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం సేఠ్‌ను అడిగాడు. గద్దె మీద బాలకిషన్ కూర్చుని ఉన్నాడు. కుడిపక్క టెలిఫోను, ఎడమపక్క పాన్ డబ్బా, మోకాలి దగ్గర ఉమ్ముతొట్టి. ఏదీ జానెడు దూరం దాటదు.

"మా బాపు పెట్టిన వరస అది," అన్నాడు పాన్ నములుతూ. "దసరాకు దానికే కుంకుమ పెడ్తం. అచ్చరాలను ఇటుదటు చేస్తే పాపం తగుల్తది సీమోను."

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్న మనిషితో వాదమెందుకని సీమోను ఊరుకున్నాడు. కాని ఆ ఆదివారం చర్చి అవగానే, మూసి ఉన్న ప్రెస్సును తన దగ్గరున్న తాళంచెవితో తీశాడు. రాజమణి గడులు ఒక్కొక్కటీ పళ్ళెంలోకి వంచి ఇస్తుంటే అతను చోట్లు మార్చాడు. ఙ చోటికి ర వచ్చింది. ఞ చోటికి ల, ఝ చోటికి వ, ఠ చోటికి స వచ్చాయి. సోమరి నలుగురూ పై వరస ఎక్కారు. గడి గడికీ కొత్త చీటీ అంటించాడు. మోచెయ్యి పక్కటెముకలను ఆనుకుని ఉండేలా రాజమణి అతని కాళ్ళ కింద ఇంటి నుంచి తెచ్చిన పీట వేసింది. గంటకోసారి చేతులు రెండూ కిందికి వేలాడేసి నిలబడమని ఒట్టు వేయించుకుంది.

అదే గడుల దగ్గర పనిచేసే రెండో కంపోజిటరు ఎల్లప్ప, కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించడానికి గుట్ట మీది గుడికి వెళ్ళి ఉన్నాడు. కాబట్టి సోమ, మంగళ, బుధ మూడు రోజులూ సీమోనువే. మోచెయ్యి కదలకుండానే ముంజేతితో పని జరిగిపోయింది. బుధవారం రాత్రి కుడివైపుకు తిరిగి పడుకున్నాడు. గురువారం పొద్దున చొక్కా గుండీలు నాలుగూ తనే పెట్టుకున్నాడు. రాజమణి వెనక్కి తిరిగి పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకుంది.

ఆ రోజే ఎల్లప్ప వచ్చాడు. సీమోను అన్నీ విప్పి చెప్పాడు, చీటీలు చూపించాడు. ఎల్లప్ప తల ఊపి, అర్జెంటు పెళ్ళి పత్రిక ఒకటి అందుకున్నాడు. కంపోజిటరు అక్షరం మొహం చూడడు. గడి ఎక్కడుందో అతనికన్నా అతని చేతికే తెలుసు. గంటకు ప్రూఫు సేఠ్ గద్దె మీదికి వెళ్ళింది. పెళ్ళికూతురు కమల కాస్తా కమఞ అయి కూర్చుంది. పెళ్ళికొడుకు సదయ్య ఠదయ్య అయ్యాడు.

"నేను చెప్పిన కదా ఎల్లప్పా," అన్నాడు సీమోను నీరసంగా.

"నాకు చెప్పినవన్నా. నా చెయ్యికి చెప్పలే," అన్నాడు ఎల్లప్ప. ఆ చెయ్యి నడుం వెనక దాచుకున్నాడు. దాని వేళ్ళు కూడా పూర్తిగా తెరుచుకోవడం లేదని సీమోను అప్పుడే చూశాడు.

బాలకిషన్ వచ్చాడు. ముందు కడుపుబ్బ నవ్వాడు, తరువాత గడుల వంక చూశాడు, ఇక నవ్వలేదు.

"పొద్దుమూకేలోపట ఎట్లుండెనో అట్ల కావాలె."

"వారం రోజులియ్యుండ్రి సేఠ్. ఎల్లప్ప చెయ్యికి గూడ అలవాటైతది. ఆయనకు గూడ నొప్పున్నది, అడుగుండ్రి."

సేఠ్ ఎల్లప్ప వైపు చూశాడు. ఎల్లప్ప నేల చూశాడు. "నాకేం నొప్పి లేదు సేఠ్," అన్నాడు.

"ఇన్నవా? మా బాపు వరస మార్చనీకె నువ్వెవనివి? గీ పీటేంది, నిలవడి పనిచేసెటోనికి? పెండ్లి పీటనా?" కాలితో తన్నాడు. పీట వెళ్ళి గుమ్మం దగ్గర పడింది.

సీమోను పట్టీ ఆయన మొహాన కొట్టి వెళ్ళిపోయాడని రాయాలని ఉంది. వెళ్ళలేదు. ఇంట్లో నలుగురు పిల్లలు. సాయంత్రం దాకా నిలబడి, ఆ చేత్తోనే ఒక్కొక్క గడీ ఎత్తి, ల ను పైకి ఎక్కించాడు, ఞ ను దించి అరచేతి కింద కూర్చోబెట్టాడు. ఆ పని తన చేత్తోనే చేశానని తరువాత రాజమణితో చెప్పాడు. ఆవిడ మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. పీట మాత్రం వెనక్కి తెచ్చుకుంది.

మరుసటేడు దసరాకు సీమోను చెయ్యి భుజం దాటి లేవలేదు. కాగితాలు మడిచే పనిలో సగం జీతానికి వేశారు. నాలుగేళ్ళకు ఎల్లప్ప కూడా వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఆ గురువారం సంగతి ఎన్నడూ ఎత్తలేదు. గడుల ముందు కొత్త కుర్రవాళ్ళు నిలబడ్డారు, తలెత్తి చేతులు చాపుతూ.

ఎనభై ఆరులో బాలకిషన్ ఆఫ్‌సెట్ మిషను కొన్నాడు. పాత అక్షరాలన్నీ సీసం లెక్కన తూకానికి పెట్టాడు. పాత సామాన్లవాడు గడులు బోర్లిస్తుంటే ర, ల, వ, స అరిగి గులకరాళ్ళలా రాలాయి. ఞ మాత్రం కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తూ వచ్చింది. బాలకిషన్ అందులో ఒకటి తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"సూడు సీమోను, మా బాపు తెచ్చిన మాల్. ముప్పై ఏండ్లయినా గీత గూడ పడలే. ఉంచుకో, యాదికుంటది," అని అతని అరచేతిలో పెట్టాడు.

సీమోను వేళ్ళు ముడుచుకోలేదు. అక్షరం జారి నేల మీద పడింది.

"తీస్కో," అన్నాడు సేఠ్.

"మీరే తీస్కోండ్రి సేఠ్," అన్నాడు సీమోను. "మీకైతే వంగి ఎత్తనీకె చెయ్యున్నది."