మందిరం గోడ మీద భూమి వయసు

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు, అంటే మా చిన్నమ్మాయి కూతురు, ఆరాధన నుంచి నేరుగా మా ఇంటికి వచ్చి, చెప్పులు కూడా సరిగా విడవకుండా నా మంచం మీద కూలబడింది. ఆ పిల్ల కాలేజీలో భూగర్భ శాస్త్రం చదువుతోంది. ఆ రోజు యువజనుల కూటానికి ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు తెర మీద బొమ్మలు వేసి, భూమి పుట్టి ఆరువేల ఏళ్ళేనని, కాదన్నవాళ్ళంతా దేవుణ్ణి వదిలేసినవాళ్ళేనని చెప్పాడట. ఇది లేచి ఏదో అడిగిందట. ఆయన నవ్వి, కూర్చో తల్లీ, నీ కోసం ప్రార్థన చేస్తాను అన్నాడట. కాలేజీలో తోటి పిల్లలేమో దీని మెడలో సిలువ చూసి, నీకీ చదువెందుకని ఎగతాళి చేస్తారట. రెంటిలో ఏది వదలమంటావు అమ్మమ్మా అని కళ్ళనీళ్ళతో అడిగింది. పిల్ల ఏడుస్తుంటే నవ్వకూడదు గానీ నాకు కొంచెం నవ్వొచ్చింది. అదే ప్రశ్నను ఆత్మకూరులో నేను రెండేళ్ళపాటు ఎవరికీ చెప్పకుండా మోశాను మరి.

మా నాయన ఉదయగిరిలో మిషను ఉపదేశి. పాదిరి కాదు. పాదిరిగారు నెలకొకసారి బస్సులో వచ్చి వెళ్ళేవారు, మిగిలిన రోజుల్లో ప్రార్థన చేయించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పోయినవాళ్ళను మట్టి చేయడం అన్నీ మా నాయన పనే. మావాళ్ళు చెరువు కింద పల్లెలో కూలికి పోతూ, నీళ్ళున్న నెలల్లో చేపలు పట్టుకుంటూ బతికినవాళ్ళు, మా తాత కాలంలో వేదంలో కలిశారు, అంటే క్రైస్తవులయ్యారు. నాయన చదివింది ఎనిమిదో తరగతే అయినా, ఏ పిట్ట ఏ నెలలో గూడు కడుతుందో, ఏ ఆకు నలిపితే ఏ వాసనొస్తుందో, ఏ పాము కరిస్తే భయపడాలో, ఏది కరిస్తే ఊరికే కడుక్కుంటే చాలో ఆయనకు తెలిసినట్టు నాకు ట్రైనింగులో పాఠం చెప్పినవాళ్ళెవరికీ తెలియదు. దేవుడు చేసినవాటిని చూడకుండా దేవుణ్ణి పొగడడం, వంట తినకుండా వండినమ్మను మెచ్చుకోవడంలాంటిదని ఆయన నమ్మకం.

అందుకే ఏటా వేసవి సెలవుల్లో, వేదంలో చెప్పినట్టే ఆరు రోజులు మా చేత సృష్టిని నడిపించేవాడు. మా తరంలో ఉదయగిరి మందిరానికి వచ్చిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మొదటి రోజు తెల్లవారకముందే తలుపులన్నీ మూసి చీకట్లో కూర్చోబెట్టి, పొద్దు పొడిచే వేళకు తూర్పు తలుపు ఒక్కసారిగా తెరిచేవాడు. ఆ వెలుగు ముఖాన కొట్టినప్పుడు చిన్నపిల్లలు కేకలు పెట్టేవాళ్ళు. రెండో రోజు ఆకాశం. మే నెల ఉదయగిరి ఆకాశంలో ఎండ తప్ప చూడ్డానికేముంది, ఆ రోజు త్వరగా ఇంటికి పంపేవాడు. మూడో రోజు దుర్గం కొండెక్కి రకరకాల ఆకులు కోసుకొచ్చి మందిరంలో పరిచేవాళ్ళం. నాలుగో రోజు పసుపునీళ్ళ పళ్ళెంలో సూర్యుణ్ణి చూపించేవాడు. ఐదో రోజు మా మేనమామలు కొరమీన్లను కుండలో ప్రాణంతో తెచ్చేవాళ్ళు. ఆరో రోజు మేకను తోలుకొస్తే, అది నేరుగా పోయి మేం మూడో రోజు పరిచిన ఆకులన్నీ తినేసేది. ప్రతి ఏడూ ఇదే జరిగేది, ప్రతి ఏడూ నాయన దాన్ని అదిలించడం మరిచిపోయేవాడు. ఏడో రోజు పప్పన్నం తిని పడుకోవడమే.

కొండ మీద ఒకచోట, మెట్ల దారికి పక్కగా, రాతిపలకల మీద అలలు ఉండేవి. నిజం అలలే, చెరువులో నీళ్ళు తీసినాక ఇసుక మీద మిగిలే వంకర గీతల్లాగే, కాకపోతే రాయి. జలప్రళయం నీళ్ళు దిగిపోతూ పెట్టిపోయిన ముద్ర అదని నాయన చెబుతుంటే, ఆ గీతల్లో వేలు పెట్టి పాకించి, నీళ్ళు ఎటు పోయాయో కనిపెట్టినంత గర్వంగా కిందికి దిగేవాళ్ళం.

అన్నిటికంటే నాయనకు ముద్దు మందిరం తలుపు పక్కన గోడకు నల్లరంగు పూసిన చదరం. దాని మీద సున్నంతో భూమి వయసు రాసి ఉండేది. ఆరువేలకు ఓ యాభై తక్కువగా ఉండేది మా చిన్నప్పుడు. ప్రతి జనవరి మొదటి తేదీ ఉదయం, ఎక్కువ వాక్యాలు కంఠతా చెప్పిన బిడ్డ ముక్కాలిపీట ఎక్కి, పాత అంకె చెరిపి, ఒకటి కలిపి కొత్తది రాయాలి. ఆ లెక్క నాయనకు నెల్లూరు మిషను దొరసానమ్మ బహుమానంగా ఇచ్చిన ఇంగ్లీషు వేదపుస్తకంలో దొరికింది. మొదటి పేజీలోనే, వాక్యం పక్కన అంచు మీద, సృష్టి జరిగింది క్రీస్తుకు ఇన్నేళ్ళ ముందని సన్నటి అచ్చులో ఉండేది. వేదంలో ఉంది గనక అది దేవుడి మాటే, అందులో అనుమానమేముంది! పదకొండో ఏట ఆ అంకె రాసే వంతు నాకొచ్చింది. ఆ పూట మా అవ్వ, నాయన తల్లి, నాకు తలకు నూనె పెట్టి, కొత్త రిబ్బను కట్టి, ఇదేదో పెళ్ళిచూపులైనట్టు వీధంతా చూపించుకొచ్చింది.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, మద్రాసులో ఇంటరు చదివి వచ్చి చేజర్లలో పంతులుగా చేరాడు. ఒక పండగనాడు అన్నాల దగ్గర, ఆ అంకెను చూసి చదువుకున్నవాళ్ళు నవ్వుతారన్నా అన్నాడు. అంతే. నాయన కేకలేయలేదు, కంచం మాత్రం పక్కకు జరిపి లేచిపోయాడు. ఆ తరువాత అన్నదమ్ములు ఒక పంక్తిలో కూర్చుని తినలేదు. చిన్నాయన వస్తే నాయన బయట పని కల్పించుకునేవాడు. మా అవ్వ ఇద్దరికీ విడివిడిగా వడ్డిస్తూ, ఎవరికీ వినపడకుండా ముక్కు చీదుకుంటూ, ఏళ్ళు గడిపింది. తోడబుట్టినవాడికే ఇలా అయితే కూతురి మాటేమిటన్న భయం నాలో అప్పుడే పడింది.

నెల్లూరులో ట్రైనింగయ్యి పంతొమ్మిదో ఏట ఆత్మకూరులో టీచరుగా చేరాను. ఆరో తరగతి సైన్సు పుస్తకంలో రాళ్ళ పాఠం ఒకటుండేది. ఇసుక పొరలు పొరలుగా పేరుకుని రాయి కావడానికి కోట్ల సంవత్సరాలు పడుతుందని అందులో ఉంది. ట్రైనింగులో మాకు దాన్ని వివరంగానే చెప్పారు, నాకు బాగానే అర్థమైంది, అర్థమవడమే నా కష్టం. వారమంతా బడిలో కోట్లు, శనివారం బస్సెక్కి ఉదయగిరి పోతే ఆదివారం పిల్లలకు ఆరువేలు. ఏ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో మరిచిపోతానేమోనని బస్సులో కూర్చుని బెదిరిపోయేదాన్ని. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. ఒకసారి నాయన ఇంట్లో లేనప్పుడు తెలుగు వేదాన్ని, ఇంగ్లీషుదాన్ని పక్కపక్కన పెట్టి చూశాను. తెలుగుదాంట్లో ఆ అంకె లేదు. దొంగతనం చేసినదానిలా రెండూ మూసి పెట్టేశాను. ఆ సంగతి నాయనకు చెప్పాలంటే నాకు నోరు రాలేదు.

ఉద్యోగం ఖాయం కావాలంటే ఇన్‌స్పెక్టరుగారి ఎదుట ఒక పాఠం చెప్పాలి. మా హెడ్‌మిస్ట్రెస్సమ్మ వెతికి వెతికి నాకు రాళ్ళ పాఠమే ఇచ్చింది. నాకు బాగా జరగాలని ప్రార్థన చేయమని, ఫలానా రోజు రాళ్ళ పాఠమని నాయనకు కార్డు రాశాను. రాసింది ప్రార్థన చేస్తాడని గానీ, వస్తాడని కాదు. ఆ రోజు మొదటి బస్సుకే దిగి, తుండుగుడ్డలో మూటకట్టిన బరువును చంకన పెట్టుకుని బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. విప్పితే అలల రాయి! కొండ మీద విరిగి పడి ఉన్న ముక్కను నా పాఠం కోసం మోసుకొచ్చాడు. ఇన్‌స్పెక్టరుగారు ఆ రాయిని చూసి ముచ్చటపడి, పెద్దాయనా, మీరూ లోపలికొచ్చి కూర్చోండి అని వెనక బెంచీ చూపించారు.

రాయిని బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టాను. ఇది ఏ ఊరిది, ఎంత గట్టిగా ఉంది, ఏ రంగు అని కాలయాపన చేస్తున్నాను, అసలు మాట దగ్గరికి పోకుండా ఎంతసేపు తిప్పగలనా అని. అనంతసాగరం నుంచి వచ్చే ఒక పిల్ల దగ్గరికొచ్చి రాయిని తడిమి చూసి, గట్టిగా అనేసింది.

"ఇది మా పెన్నేటి ఇసక మాదిరే ఉండాది టీచరమ్మా! ఇసక రాయయ్యేదానికి ఎన్నేండ్లు పడతాది?"

తరగతంతా నా వైపు చూసింది. ఇన్‌స్పెక్టరుగారు కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నారు. నేను మాత్రం వెనక బెంచీ మీద నాయనను చూశాను. అబద్ధమాడితే ఉద్యోగం పోతుంది, నిజం చెబితే ఆయన పోతాడు. ఇంతలో నాయన లేచి, తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, తల వంచుకుని బయటికి నడిచాడు. చిన్నాయన ముందు కంచం జరిపినప్పటి నడక అదే అనిపించింది. అప్పుడు చెప్పాను, కోట్ల సంవత్సరాలని, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మిగిలిన పాఠం ఎలా చెప్పానో తెలియదు గానీ బాగానే చెప్పానట. ఇన్‌స్పెక్టరుగారు మెచ్చుకుని రిపోర్టులో మంచి మాట రాశారు. హెడ్‌మిస్ట్రెస్సమ్మ వీపు తడుతుంటే, నేను చెప్పులు చేత్తో పట్టుకుని బస్టాండుకు పరిగెత్తాను.

నాయన ఒక కోమట్ల అంగడి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నా మొకం చూసి బయపడతా ఉండావు గదా పాపా. నేనుంటే నువ్వు సరిగా చెప్పలేవని లేచి వచ్చినా."

ఆయన చొక్కా జేబులోంచి మడతలు నలిగిపోయిన జాబు తీశాడు. దొరసానమ్మ రాసింది, ఎనిమిది నెలల కిందటిది.

"ఆ అంకె వేదంలో లేదమ్మా. తెలుగుదాంట్లో వెతికినా, యాడా లేదు. దొరసానమ్మకు జాబు రాసినా. ఎవురో మనిషి లెక్క కట్టినాడంట, అచ్చేసేవోళ్ళు పక్కన ఏసినారంట. మనిషి లెక్కను దేవుడి మాటని ఇన్నేండ్లు పిలకాయల చేత రాయించినా. నువ్వు ఆ అంకె రాసిన బిడ్డవి. నీకెట్ట చెప్పేదని ఇన్నాళ్ళు నోరు రాలేదు."

ఎనిమిది నెలలు! ఆయన నాకు భయపడుతూ, నేను ఆయనకు భయపడుతూ, శనివారం శనివారం ఒకే చాప మీద కూర్చుని అన్నం తిన్నాం. అయితే కోట్ల ఏళ్ళంటే నమ్ముతావా నాయనా అని అడిగాను, అడిగే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో.

"కోట్లో గీట్లో నాకు తెలీదు. చేసింది మాత్రం ఆయనే. ఎన్నాళ్ళు పట్టిందో ఆయన నాకు చెప్పలా. చెప్పనిదాన్ని నేను చెప్పినా, అది నా తప్పు."

అలాంటప్పుడు ఏడుపొస్తుందని అందరూ రాస్తారు. నాకు మాత్రం విపరీతమైన ఆకలి వేసింది. రెండేళ్ళుగా అన్నం నోటికి సరిగా పోవడం లేదన్న సంగతి అప్పుడే తెలిసింది. పక్కనున్న హోటల్లో మూడు దోసెలు తిన్నాను. నాయన తన దోసెలో సగం తుంచి నా ఆకులో వేస్తే అదీ తిన్నాను. గుండె మీదినుంచి ఎవరో తిరగలిరాయి ఎత్తి పక్కన పెట్టినట్టుంది. ఆ సాయంత్రం నాయన ఉదయగిరి బస్సెక్కలేదు, చేజర్లకు పోయాడు. తమ్ముడి ఇంట్లో కాళ్ళు కడుక్కుని, పిలవకుండానే పీట వాల్చుకుని కూర్చున్నాడని తరువాత పిన్నమ్మ చెప్పింది.

ఆ వచ్చిన జనవరి మొదటి తేదీన కొత్త అంకె రాయడానికి ఒక పిల్లవాడు రిబ్బను కట్టిన వాక్యాల పుస్తకంతో తయారుగా ఉన్నాడు. నాయన వాణ్ణి కూర్చోబెట్టి, తానే తడిగుడ్డతో గోడ మీది చదరం తుడిచి, జనం వైపు తిరిగి, తాను తప్పు చెప్పానని, దాన్ని దేవుడి మీద పెట్టినందుకు అందరూ మన్నించాలని చేతులు జోడించాడు. ముందు వరసలోని ఒక ముసలమ్మ అప్పుడు అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "మాకు సదువే రాదు గదా నాయనా, అదేదో ముగ్గనుకున్నాం." మందిరమంతా నవ్వింది, నాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వేసవిలో ఆరు రోజుల సృష్టి ఎప్పటిలాగే నడిచింది, మేక ఎప్పటిలాగే ఆకులు తినేసింది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. ఏదీ వదలనక్కర లేదనీ చెప్పాను. అది మనసు తేలికపడి, ఇంట్లో ఉన్న చేగోడీలన్నీ తినేసి పోయింది. నా మనసే తరువాత కాస్త బరువెక్కింది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, దేవుడి తరఫున మాట్లాడేవాళ్ళూ సైన్సు తరఫున మాట్లాడేవాళ్ళూ వాటిలో రేయింబవళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. నేను తప్పు చెప్పానని ఒక్కరు అనగా వినలేదు. వాళ్ళను అని ఏం లాభం? ముప్పై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లలకు తప్పు చెప్పానని తెలిసిన రోజులు నాకూ ఉన్నాయి. మరునాడు బోర్డు మీద సరైనది రాసి, నిన్న కూడా ఇదే చెప్పినట్టు ముఖం పెట్టి ముందుకు సాగిపోయాను. నాయనకున్నది ఎనిమిదో తరగతి, ఆయన చేసిన పని నేను ఒక్కసారైనా చేయలేదు.