జాంబియాలో నానమ్మ ఏడుపు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. దయ్యం పట్టిందని ప్రార్థనకు తీసుకొచ్చినవాళ్లను కూడా ముందు దవాఖానకు పంపిన మనిషిని. ఇది చదివి ఎవరైనా నాకు పిచ్చి అంటే అననివ్వండి. జరిగినదాన్ని మాత్రం మార్చి చెప్పను.

మాది మానుకోట వైపు, నర్సింహులపేట దగ్గర లంబాడీ తండా. జనగామలో రెండేళ్లు బైబిలు చదువుకున్నాక, సువార్త చెప్పడానికి మా మిషన్ వాళ్లు నన్ను జాంబియాకు పంపారు. అప్పుడు తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసే మా అన్న శంకర్ సమ్మెలో ఉన్నాడు.

"అందరం రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నువ్వు పరాయి దేశం పోతవారా? జర సిగ్గనిపిస్తలేదా?" అన్నాడు. నేనూ తగ్గలేదు. నా దారి నాదన్నాను.

మా తండాలో ఆడవాళ్లు మనిషిని సాగనంపేటప్పుడు, చాన్నాళ్లకు కలిసినప్పుడు భుజం మీద తల పెట్టి, రాగం తీసి, మనసులోదంతా చెప్పుకుని ఏడుస్తారు. అవతలివాళ్లూ ఏడవాలి. ఏడవకపోతే తెంచుకున్నట్టే. నన్ను పెంచిన నానమ్మ అట్లా రాగం ఎత్తుకుంటే, విశ్వాసి ఏడవకూడదని ఆమె చేతులు తీసేశాను. ఆమె కట్టిచ్చిన జొన్నపేలాల మూటను కావాలనే గడప మీద వదిలేశాను. ఆ వయసులో నాకంత పొగరు.

అక్కడ ఏ వారం ఎట్లా గడుస్తుందో తెలిసేది కాదు. ఒక వారం ప్రార్థనకు ఇల్లంతా నిండేది. మరుసటి వారం నేనూ, నాతో తిరిగే స్థానిక సేవకుడు పీటర్, ఇద్దరమే. ఒకసారి మేక వచ్చి నా పాటల పుస్తకం నమిలేసింది. ప్రతి సోమవారం పైవాళ్లకు నివేదిక రాయాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి. నానమ్మ మాత్రం ఫోన్ దగ్గరికి వచ్చేది కాదు. ఆరు నెలలు ఆమె గొంతు వినలేదు. అది నన్ను లోపల తినేసేది.

ఒక గురువారం మిట్టమధ్యాహ్నం పీటర్, నేను ఒక ముసలామె ఇంటికి వెళ్లాం. ఆమెకు తన ఊరి భాష తప్ప ఇంకోటి రాదు. నన్ను చూడగానే లేచి వచ్చి, నా భుజం మీద తల పెట్టి రాగం ఎత్తుకుంది. మా లంబాడీ భాషలో. మా నానమ్మ గొంతుతో.

"పేలాల మూట గడప మీదనే ఇడిసి పోతివి బిడ్డా, నా చేతులు గూడ తీసేస్తివి, నేనెట్ల బతకాలె..."

పేలాల సంగతి అక్కడ నేనెవరికీ చెప్పలేదు. నేనూ గొంతెత్తి ఏడ్చాను. "తప్పైంది నానమ్మా" అన్నాను. కాసేపటికి ఆ ముసలామె కళ్లు తుడుచుకుని, ఏమీ జరగనట్టు మాకు మంచినీళ్లిచ్చింది. పీటర్‌కు మాటలు అర్థం కాకపోయినా, ఎప్పటిలాగే తన పుస్తకంలో టైమ్ రాసుకున్నాడు. పన్నెండు గంటలు.

సోమవారం ఫోన్ చేస్తే అన్న నవ్వుతూ చెప్పాడు.

"గురువారం రైల్ రోకోకని మానుకోట టేషన్ల పట్టాల మీద కూసున్నం. మూడున్నరకు పోలీసోళ్లు లేపబట్టిన్రు. నానమ్మ ఒక కానిస్టేబులు పిలగాని భుజం మీద పడి ఒకటే ఏడుపు. పేలాల మూట అంటది, నీ పేరు అంటది. వాడు లాఠీ కింద పెట్టి గట్లనే నిలవడ్డడు."

జాంబియాలో పన్నెండైతే మానుకోటలో మూడున్నర. నా సంగతి అన్నకు చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

నివేదికలో మాత్రం అంతా రాశాను. అది సైతాను పని అని తిరగరాయమన్నారు మిషన్ పెద్దలు. రాయనన్నాను. మా నానమ్మ గొంతును సైతాను గొంతని నా చేత్తో ఎందుకు రాస్తాను? ఇంటికి పంపించేస్తామన్నారు. పంపించండి అన్నాను. పంపించేశారు.

తండాకు చేరగానే నానమ్మ భుజం మీద తల పెట్టి, ఏడుపు మొదలుపెట్టబోయాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"మల్లెందుకు బిడ్డా? గా దినమే ఏడ్చినవు గద. తప్పైందంటివి. నేను ఇన్న."

ఎట్లా విన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆమె విన్నదంటే విన్నది.