వదిన కింద గీత

ఇంటర్నెట్ చూడాలంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళవలసిన కాలం అది. గద్వాలలో అలాంటి సెంటరు ఒకటి నేను పనిచేసే చోటి పక్కనే ఉండేది. పని అంటే, ఒక పత్తి విత్తనాల వ్యాపారి దగ్గర చిట్టాలు రాయడం (ఊళ్ళో మాత్రం ‘కంపెనీ వ్యవహారాలు చూస్తున్నాడు’ అని చెప్పించేవాణ్ణి). మానవపాడు దగ్గరి మా ఊళ్ళో మాకొక గడీ ఉండేది. దాని కమాను ఇప్పటికీ నిలబడే ఉంది. దాటి లోపలికి వెళితే తుమ్మచెట్లు. మా తాత ఆ గడీలో కచేరీ నడిపిన చివరి దొర. ఆయన వారసుణ్ణన్న స్పృహతో నేను టీ బండి దగ్గర కూడా వెన్ను నిటారుగా పెట్టుకొనే నిలబడేవాణ్ణి.

మా ఇంటి పిలుపుల సంగతి ఇక్కడే చెప్పాలి. ఉమ్మడి కుటుంబం. చిన్నాన్నలు మా నాన్నను ‘అన్నా’ అనేవారు, అమ్మను ‘వదినా’ అనేవారు. మాటలు వచ్చే వయసులో చెవిన పడ్డవి అవే కాబట్టి నేనూ అలాగే పిలిచాను. నానమ్మ నాకు ‘అమ్మ’, తాత ‘నాయన’. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి, ఎవరూ దిద్దరు.

నాగర్‌కర్నూలులో పెరిగి, సెలవులకు మాత్రమే మా ఇంటికి వచ్చిపోయే మేనత్త కొడుకు ఒకడున్నాడు, నాకన్నా చిన్నవాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగంలో చేరాక, చిన్నప్పుడు విన్న పిలుపులను బట్టి ఒక వెబ్‌సైటులో మా వంశవృక్షం కట్టి నాకు పంపాడు. తెరిచి చూస్తే నేను మా తాతకు ఆఖరి కొడుకుని! తప్పని తెలిసినా, నిజం చెప్పవద్దూ, నా ఛాతీ పొంగింది. దొర మనవళ్ళు బోలెడుమంది. దొర కొడుకు హోదా వేరు. (నేను పుట్టేనాటికి మా నానమ్మకు యాభై దాటాయి. కంప్యూటరు అడగలేదు, నేనూ చెప్పలేదు.)

ఆ వారంలోనే మా అమ్మ (అంటే నా ‘వదిన’) పంటి నొప్పికని గద్వాల దవాఖానాకు వచ్చింది. పనయ్యాక, మన వంశం చూద్దువు రమ్మని దర్జాగా సెంటరుకు తీసుకుపోయాను. ఆమె తెర దగ్గరికి వంగి, వేలితో ఒక్కొక్క పేరే దాటుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది.

“అందరి కింద గీతలున్నయి. నా కింద లేదేంది రా?”

“గీత పిల్లలున్నోళ్ళకు వస్తది వదినా.”

“మరి నువ్వెవరు?”

“నేను నాయన కింద ఉన్న. జర పై వరుసల.”

అమ్మ గొంతు పెంచలేదు. “నిన్ను కనేటప్పుడు కర్నూలు దవాఖానల సచ్చి బతికిన. గప్పుడు మీ అమ్మ ఇంట్ల వడియాలు పెడ్తుండె. అందరు చూసేదాంట్ల నన్ను గొడ్రాలిని చేస్తివా?” అని కుర్చీలో సర్దుకొని కూర్చుంది. “గీత ఏసేదాక నేను లేవ.”

నా పొంగు అక్కడే దిగిపోయింది. ఎక్కడెక్కడో నొక్కాను. ఒక గీత పడింది, తలకిందులుగా.

“గిదేంది, నీ కింద నేనున్న?”

“జర ఆగు వదినా, నువ్వు నాకు బిడ్డవైనవ్.”

“మంచిగుంది. సంబంధం చూసి లగ్గం చెయ్యి.”

సెంటరు అబ్బాయి నవ్వాపుకోలేక వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఇక లాభం లేదని మేనత్త కొడుక్కి ఫోను చేశాను. “నువ్వు పెద్దమామ కొడుకువా?” అని వాడు నోరు తెరిచాడు. “మరి సెలవులకొచ్చినప్పుడు నేను మామా అని పిలిస్తే పలికితివి కద!”

ఫోనులోంచి ఆ మాట అమ్మకు వినబడనే వినబడింది. “పలుకుతడు. వీనికి పెద్దరికమంటే పానం,” అంది.

వాడు హైదరాబాదులో కూర్చొని నన్ను తాత కిందనుంచి తీసేశాడు. కాసేపటికి అమ్మ పేరు కింద ఒక గీత దిగి, దాని చివర నేను వేలాడాను. అమ్మ కొంగుతో తెర మీది దుమ్ము తుడిచి మళ్ళీ చూసింది.

“ఇంత సన్నగుందేంది?”

“అందరిది గంతే వదినా.”

అప్పుడు లేచింది. మానవపాడు బస్సు ఎక్కించాక ఆమె కిటికీ పక్కన కూర్చొని, పన్ను సంగతే మరిచిపోయి జామకాయ కొరుకుతుంటే, నాకేమనిపించిందో, కిందనుంచి ‘అమ్మా’ అని పిలిచాను. ఆమె వెనక్కి తిరిగి బస్సంతా వెతికి, “ఏడుంది? ఇంట్లనే ఉండె కద!” అంది. ఏం లేదులే వదినా అన్నాను. ఇప్పటికీ అలాగే అంటున్నాను, ఆమె పలుకుతూనే ఉంది.

ఆ మధ్య ఆ పేజీ మళ్ళీ తెరిచి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. దొరగారి ఆఖరి కొడుకు మాత్రం లేడు. పాపం, వారం కూడా బతకలేదు. టీ బండి ముందు అతను నిలబడ్డ తీరు తలచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కోసారి అతని మీద బెంగ కూడా పుడుతుంది.