కారణం కోసం ఆకలి

కాకినాడకు దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెకారుల పేటలో ఉప్పూ బియ్యమూ వల నూలూ అమ్మే కొట్టు మాది. నాన్న పోయాక నేనే చూసుకునేవాణ్ణి. నా పాతికేళ్ల వయసులో ఆ పేటకు వాంతిభేది వచ్చింది. గుడిసెల్లోంచి వాంతుల వాసన. ఎండబెట్టిన చేపలను తిరగేసే దిక్కులేక, అవి కుళ్లిన వాసన. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అయినా నాకు అంతకన్నా రోత పుట్టించింది ఆ రోజుల్లో మనుషుల ముఖాల్లో చూసిన తృప్తి.

ఆ పేటలో ఒక విధవరాలు ఉండేది. మొగుడు వేటకెళ్లి సముద్రంలో పోతే, అత్తవారి ఊరు వదిలి అన్న పంచన చేరింది. ఆమె వచ్చిన కొద్ది రోజులకే మొదటి చావు. అంతే, వాళ్లకది చాలింది.

రాజమండ్రిలో పాఠాలు చెప్పే మా బావ అప్పుడు సెలవులకు మా ఇంటికి వచ్చి ఉన్నాడు. కొట్టు ముందు చేరిన జనంతో, "ఇసుకలో తవ్విన ఆ చెలమ నీళ్లు కాచుకుని తాగండయ్యా. రోగం అందులో ఉంది," అన్నాడు.

పేట పెద్ద చేతులు కట్టుకునే జవాబిచ్చాడు. "మా తాతలకాడి నుంచీ ఆ నీళ్లే తాగుతున్నామండి. ఇన్నాళ్లూ లేని రోగం ఆవిడొచ్చాకే ఎందుకొచ్చిందండి?"

"ఎవరో పొరుగూరి నుంచి అంటించుకొచ్చి ఉంటారు. ఎవరి తప్పూ కాదు."

"ఎవరి తప్పూ లేకుండా ఇంతమంది పోతారాండి?" అన్నాడు పెద్ద. జనమంతా తలలూపారు.

మర్నాడు సాయంత్రం ఆమె మీద పసుపునీళ్లు గుమ్మరించి, మెడలో వేపమండలు వేసి, మేక నెత్తురు కలిపిన అన్నం కుండ నెత్తిన పెట్టి డప్పులతో ఊరి బయటికి తోలారు. డప్పుల ముందు నడిచింది ఆమె అన్నే. జబ్బుపడ్డప్పుడు ఆమె చేత సేవ చేయించుకుని బతికి లేచిన ఒక ఆడమనిషి గుప్పెడు ఇసుక ఆమె ముఖాన కొట్టింది. నేను అడ్డం వెళ్తే ఇద్దరు నన్ను రెక్కపట్టుకుని లాక్కొచ్చి కొట్టు అరుగు మీద కూలేశారు. ఆమెను సాగనంపి వచ్చి ఆ మేకను వండుకు తిన్నారు. అన్ని రోజుల తరవాత ఆ పేటలో నవ్వులు వినపడ్డాయి. నేను కొట్టు తలుపులు మూసేశాను.

బావ మాత్రం తాంబూలం నములుతూ, "చూశావా బావా," అన్నాడు. "మనిషి కోతిజాతి నుంచి పుట్టాడని ఇంగ్లీషువాళ్ల సీమలో పెద్దలు రాస్తున్నారు. అడవిలో ఆకు కదిలితే, ఏమీ లేదులే అనుకున్న కోతిని పులి తినేసి ఉంటుంది. ఎవరో ఉన్నారని బెదిరింది బతికి పిల్లల్ని కని ఉంటుంది. మనం ఆ బెదురు కోతి సంతానం. అందుకే ఎవరూ చేయని చావును మనం ఓర్చుకోలేం. ఎందుకు పుట్టాను, దేనికి బతుకుతున్నాను అని అడిగేదీ ఆ బెదురే."

ఆ మాట నిజమే కావచ్చు. కానీ అతని ముఖంలోనూ మేక మాంసం తిన్నవాళ్ల తృప్తే కనిపించింది.

"నీకూ ఒక కారణం దొరికింది. ఇక హాయిగా నిద్రపో," అన్నాను. అతను ముఖం గంటుపెట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

నేను ఊరి బయట, మా ఉప్పు పడవ ఆగే కాలువ రేవుకు వెళ్లాను. ఆమె ఒళ్లో కుండ పెట్టుకుని కూర్చుని ఉంది. పసుపు ఎండి చర్మానికి పట్టేసింది. ముఖమంతా ఈగలు. ఆమె తోలుకోవడం కూడా లేదు. ఆ కుండ తీసి కాలువలో పారేసి, ఆమెను పడవలో ఎక్కించి, కాకినాడలో మా పెద్దమ్మ ఇంట్లో వడ్లు దంచే పనికి కుదిర్చాను.

పేటలో చావులు ఆగలేదు. ఆమె పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసింది, అందుకే ఆగలేదన్నారు. ఎప్పటికో జబ్బు దానంతటదే తగ్గితే, తరిమేశాం కాబట్టి తగ్గిందన్నారు. ఊరికోసం చెల్లెల్ని వదులుకున్నానని ఆ అన్న మీసం దువ్వేవాడు. అతనికి బియ్యం కొలిచిన ప్రతిసారీ చేతులు కడుక్కోవాలనిపించేది.

చాలా ఏళ్లకు కాకినాడ సంతలో ఎండుచేపల తట్ట ముందు ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. క్షేమం అడిగి, ఎన్నాళ్లుగానో చెప్పాలనుకున్నది చెప్పాను. "అది నీళ్ల వల్ల వచ్చిన జబ్బమ్మా. నీవల్ల కాదు."

ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "ఊరుకోండి శెట్టిగారూ. నేనే తెచ్చాను. మా ఆయన వేటకెళ్లే పొద్దున ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టానండి. ఆ ఉసురే ఊరికి తగిలింది. అందుకే శుక్రవారం శుక్రవారం పస్తుండి ఆ పాపం కడుక్కుంటున్నాను."

"అది కాదమ్మా..."

"ఏ కారణమూ లేకుండానే నన్నలా తరిమారంటే, నన్నెలా బతకమంటారండి?"

ఇంతలో ఎవరో బేరానికి వస్తే అటు తిరిగింది. అసహ్యం నోట్లో చేదుగా ఊరింది. ఈసారి అది ఎవరి మీదో తేల్చుకోలేక, సంతలోంచి బయటపడ్డాను.