జగ్గమ్మ నేర్పిన అరుపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే జగ్గమ్మ మా మిల్లులో అడుగుపెట్టిన రోజు ఆమె మీద విరుచుకుపడింది నేనే. కోటబొమ్మాళి దగ్గర మా రైసు మిల్లు. గేటు పక్క కాటా గదిలో కూర్చుని ధాన్యం లారీలు తూయించి లోపలికి పంపడం నా పని. సీజన్ మంచి జోరు మీద ఉంది. రోడ్డు పొడుగునా లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు నా కిటికీ దగ్గరకొచ్చి ఒకటే గోల. సరిగ్గా అప్పుడు మిల్లు ఆపేసి, పనివాళ్లందర్నీ ధాన్యం ఆరబోసే కళ్లంలో కూర్చోబెట్టారు. భద్రత మీద శిక్షణట!

"మీకు ఇప్పుడే కుదిరిందా ముహూర్తం? సీజన్ అయ్యాక రాకూడదూ?" అని గేటు దగ్గరే అడ్డుపడ్డాను.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడి, చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో మంచినీళ్ల సీసా. నన్ను ఎగాదిగా చూసి, "సీజన్లోనే గదమ్మా సేతులు పోతాయి. మిల్లు ఖాళీగా ఉన్నప్పుడు బెల్టు ఎవుల్ని లాగుతాది?" అంది. నా నోరు మూయించినవాళ్లు చాలా తక్కువమంది, అందుకే ఇంత బాగా గుర్తుంది.

ఆమెతో మోహనకృష్ణ గారని ఒకాయన వచ్చాడు. మిల్లుల్లో, క్వారీల్లో పనివాళ్లకూ యజమానులకూ కలిపి శిక్షణ ఇచ్చే సంస్థలో ఆయన ఉద్యోగి. మంచి మనిషి, పని తెలిసినవాడు. తిరిగే బెల్టుకు ఇనప జాలీ ఎందుకు బిగించాలో, యంత్రాన్ని ఆపే ఎర్ర బటన్ ఎక్కడుంటే చెయ్యి అందుతుందో, ఊక దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో బొమ్మలు చూపించి చెప్పాడు. యజమాని ఏమేం కొనాలో, ఏమేం చెయ్యకపోతే తప్పో కూడా మొహమాటం లేకుండా చెప్పాడు. చెప్పి, "ఇప్పుడు జగ్గమ్మ గారు" అని పక్కకి తప్పుకున్నాడు.

జగ్గమ్మ లేచింది. నమస్కారం లేదు, ఉపన్యాసం లేదు.

"నారాయణమూర్తీ! ఆగు!"

ఆ గొంతు మిల్లు రేకుల కప్పుకు తగిలి తిరిగొచ్చింది. నారాయణమూర్తి అంటే మా యజమాని. తెల్లచొక్కా, పెద్దరికం, చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా సరే "బాబు" అని తప్ప పేరు పలకరు. వెనకాల ఫోన్లో మాట్లాడుకుంటూ పోతున్న మనిషి ఉన్నపళంగా నిలబడిపోయాడు, ఒక కాలు గాలిలోనే ఉంది.

"సూసినారా? ఆగినాడు," అంది జగ్గమ్మ. "బాబూ అంటే ఆగీవోడు కాదు. రోజుకి వందమంది అంటారు గదా బాబూ అని."

అప్పుడు విషయం చెప్పింది. మా మిల్లుల్లో పనిచేసేవాళ్లంతా ఒకరికొకరు చుట్టాలే. యంత్రాలు నడిపే మనిషిని డ్రైవరంటాం, ఆయన ఒకడికి మావ, ఇంకొకడికి బావ. బస్తాలు మోసే కళాసీలు ఆయనకి తమ్ముళ్లూ అల్లుళ్లూ. తవుడు ఊడ్చే ఆడవాళ్లు మరదళ్లూ కోడళ్లూ. భార్య భర్త పేరు చెప్పదు, కోడలు మావగారి ఎదుట గొంతెత్తదు, చిన్నవాడు పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడు. ఇంట్లో అదంతా మర్యాద. బెల్టు దగ్గర మాత్రం ప్రాణం తీస్తుంది. ఆ మోతలో "మావా!" అని కేకేస్తే ఎవరిని పిలిచారో ఎవరికి తెలుస్తుంది? కావాలంటే చూడమని తానే "ఓ మావా!" అని పిలిచింది. ఆరుగురు తలలు తిప్పారు. జనం గొల్లుమన్నారు.

"పేరెట్టి అరవండి. పేరు, ఆగు. ఆ రెండే ముక్కలు. గారూ అని తగిలించకండి, అది పూర్తయ్యేలోగా సెయ్యి పోతాది."

ఆ తర్వాత మా యజమాని వైపు తిరిగింది. "బాబూ, ఇప్పుడు నీ పాఠం. అరిసిన మనిషిని తిట్టకూడదు. ఏటీ లేకపోయినా, భయపడి ఉత్తినే అరిసినా తిట్టకూడదు. ఒక్కపాలి తిట్టినావంటే మరి ఈ మిల్లులో ఎవులూ నోరు తెరవరు."

"ఉత్తినే అరిసి పని పాడుసేస్తేనో?" అన్నాడాయన.

"పాడవనీ."

అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. గొంతు సవరించుకుని, "సరే" అన్నాడు. ఆ సరే ఎంత కష్టంగా బయటకొచ్చిందో వెనక వరసలో ఉన్న నాకు కూడా తెలిసింది. ఆ తర్వాత ఒక్కొక్కరూ వరసగా ఆయన్నీ, ఆపైన తమ పక్కన పనిచేసే పెద్దవాళ్లనీ పేరు పెట్టి అరిచి ఆపాలి. కళాసీలు సిగ్గుపడుతూ అరిచారు. నా వంతు వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి దాచుకున్న కసంతా పోసి అరిచాను. "ఏటి యమునా, అంత గట్టిగానా!" అని ఆయనే నవ్వేశాడు.

అరవంది ఒక్క ఝాన్సీ.

ఝాన్సీ మా డ్రైవరు ధనరాజు కోడలు. కొత్తగా పెళ్లయి వచ్చింది, మావగారు నడిపే యంత్రాల చుట్టూనే తవుడు ఊడుస్తుంది. ధనరాజుకి భుజం మీద తువ్వాలు వేలాడుతూనే ఉంటుంది. తలకు చుట్టుకోమని మోహనకృష్ణ గారు ఎంత చెప్పినా, భుజం మీద తువ్వాలు లేకపోతే బట్టలిప్పినట్టుంటుందని ఆయన బాధ. మావగారి పేరు పిలవమంటే ఝాన్సీ పమిట కొంగు నోట్లో కుక్కుకుంది. జగ్గమ్మ బతిమాలింది, బెదిరించింది. కళ్లనీళ్లు వచ్చాయి గానీ ఆ పిల్ల గొంతు రాలేదు.

శిక్షణ అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు, పీడా పోయిందనుకున్నాను. పోలేదు. తర్వాత వారం జగ్గమ్మ ఒక్కతే దిగింది. పొందూరులో పాసింజరు ఎక్కి, కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఎండలో నడిచి వచ్చింది. టీ వేళకి ఝాన్సీని ఊక కుప్ప వెనక్కి తీసుకెళ్లి "పిలు" అంటుంది. ఆ పిల్ల తల దించుకుంటుంది. మళ్లీ వారం మళ్లీ వచ్చింది. ఆమెను ఎవరూ రమ్మనలేదు, పైసా ఇచ్చేదీ లేదు. నాకు ఒళ్లు మండింది.

"మిల్లంతా నేర్చుకుంది. ఒక్క పిల్ల అరవకపోతే ఏం కొంపలు మునిగిపోతాయి?" అన్నాను.

జగ్గమ్మ నా గదిలోకి వచ్చి కూర్చుంది. సీసా తీసి నీళ్లు తాగింది.

"ఆ ఒక్క పిల్లా నానేనమ్మా," అంది.

పెళ్లయిన కొత్తలో ఆమే, ఆమె మావగారు ఎల్లాజీ, భర్త, ముగ్గురూ ఒక మిల్లులో పనికి పోయేవారట. ఒకరోజు ఎల్లాజీ బెల్టుకి వీపు పెట్టి నిలబడ్డాడు. తువ్వాలు కొస బెల్టు అందుకుంది. దగ్గరున్నది జగ్గమ్మ ఒక్కతే.

"నోరు తెరిసినాను. ఏటని పిలవాలి? మావతో నానెప్పుడూ మాటాడలేదు. పరుగెత్తుకెళ్లి మాయాయన్ని కేకేసినాను. మేం తిరిగొచ్చేసరికి సెయ్యి భుజం కాడికి పోయినాది."

ఊరంతా ఆమెను తిట్టింది. ఆస్పత్రి నుంచి వచ్చిన ఎల్లాజీ మాత్రం వాకిట్లో కూర్చుని, "ఆ గుంటని ఎవులూ ఏటీ అనొద్దు. దాని నోరు కట్టేసినోలం మనం," అన్నాడట. రోజూ సాయంత్రం పశువుల పాక దగ్గర నిలబడి, "పిలవే, నన్ను పేరెట్టి పిలు" అని కోడల్ని అడిగేవాడట. తర్వాత ఖాళీ చొక్కా చేతిని వేలాడేసుకుని ఆమెను వెంటబెట్టుకుని మిల్లు మిల్లుకీ తిరిగాడు. ఆయన బతికున్నంత కాలం మిల్లుల వాళ్లకు వాళ్లిద్దరే శిక్షణ. మోహనకృష్ణ గారు ఎక్కడో వీళ్లను చూసి, తన తరగతుల్లో కలుపుకున్నాడు. ఎల్లాజీ పోయాక ఆమె ఒక్కతే తిరుగుతోంది.

టీ తెప్పించి ఇచ్చాను. నాలాంటి దానికి అది క్షమాపణ కంటే ఎక్కువ.

పది పదిహేను రోజులు గడిచాయి. మధ్యాహ్నం అన్నాల వేళకు ముందు, నేను లారీ తూయిస్తుంటే లోపల్నించి వినపడింది.

"ధనరాజూ! ఆగు!"

ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. మరుక్షణం మిల్లు మోత ఆగిపోయింది. ఎర్ర బటన్ దగ్గరున్న కళాసీ నొక్కేశాడు. నేను చేతిలోది పారేసి పరుగెత్తాను. ధనరాజు బెల్టు పక్కన నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ ఉన్నాయి. ఝాన్సీ చీపురు పట్టుకుని ఆయన భుజం వంకే చూస్తోంది. తువ్వాలు ఆయన భుజం మీదే భద్రంగా ఉంది. బెల్టు వెనక మేకుకి ఎవరో తగిలించిన గోనె గుడ్డ ఫ్యాను గాలికి ఊగుతోంది. ఆ పిల్ల నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది అచ్చం తువ్వాలు కొసలాగే ఉంది.

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఉన్నట్టుండి ఆపడంతో, గింజల్ని పైకి ఎత్తే ఎలివేటరు నిండా ధాన్యం బిగుసుకుపోయింది. ఇక అదంతా చేతులతో తోడి తియ్యాలి, సాయంత్రం దాకా మిల్లు కదలదు. గేటు బయట లారీల హారన్లు మొదలయ్యాయి.

మా యజమాని వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది. "ఎవులు అరిసినారు?"

"నానే బాబూ," అంది ఝాన్సీ. వినపడీ వినపడనట్టు.

ఆయన ఎలివేటరు చూశాడు, ఊగుతున్న గుడ్డను చూశాడు. దవడ కండరం అదురుతోంది. అయిపోయింది, ఇక ఈ మిల్లులో ఎవరూ నోరు తెరవరు అనుకున్నాను. ఆయన ఒక్క మాట తూలితే ఎదురు తిట్టడానికి నా నోరు సిద్ధంగా పెట్టుకున్నాను, ఉద్యోగం పోతే పోయింది. ఆయన గుడ్డను మేకు నుంచి లాగి అవతల పారేశాడు.

"మంచి పని సేసినావమ్మా," అన్నాడు, పళ్ల మధ్య నుంచే. "మళ్లీ అనుమానమొస్తే మళ్లీ అరిసెయ్యి."

గిర్రున తిరిగి ఆఫీసు వెనక్కి పోయి అక్కడున్న ఖాళీ నూనె డబ్బాను ఒక్క తన్ను తన్నాడు. అది దొర్లుకుంటూ పోయిన చప్పుడు గేటు దాకా వినపడింది. ఆ తన్ను నిజానికి ఎవరికి పడాల్సిందో అందరికీ తెలుసు. నా యజమానిని చూసి నాకు గర్వం కలిగింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

అసలు భయం ధనరాజుతో వచ్చింది. ఆయన ఊక కుప్ప దగ్గరకు పోయి కూర్చున్నాడు. ఝాన్సీ క్యారేజీ తీసుకెళ్తే ముట్టలేదు. అందరి ముందూ కోడలి చేత పేరు పిలిపించుకుని, అదీ ఉత్త పుణ్యానికి! ఝాన్సీ నా గదిలో మూల కూర్చుని, "నానింక ఆ ఇంటికెల్లను అక్కా," అని ఒకటే ఏడుపు. నేను జగ్గమ్మకు ఫోన్ చేశాను.

సాయంత్రం పాసింజరుకి దిగింది. తిన్నగా ధనరాజు దగ్గరికే వెళ్లి ఊక మీద చతికిలబడింది. నేను వెనకే నిలబడ్డాను.

"కోపమొచ్చినాదేటి ధనరాజూ?"

ఆయన తువ్వాలు కొస వేలికి చుట్టుకున్నాడు.

"మాయమ్మ పోయినాక నన్ను పేరెట్టి పిలిసినోలు లేరు జగ్గమ్మా," అన్నాడు. "అందరికీ మావనే, బావనే, డ్రైవరునే. సిన్నప్పుడు గట్టు మీంచి పిలిసీది, ధనరాజూ, ఆగరా అని. ఇయాల ఆ గుంట గొంతు ఇనేసరికి మాయమ్మే పిలిసినాదనుకున్నాను. కోపమేటి? లోపల నిలబడలేక వొచ్చీసినాను."

తువ్వాలుతో ముఖం తుడుచుకుని, దాన్ని తలకు గట్టిగా చుట్టుకుని లేచాడు. నా గది గుమ్మం దగ్గర ఆగి, "అన్నమెట్టమ్మా, ఆకలేస్తన్నాది" అని కోడల్ని పిలిచాడు. ఝాన్సీ ముక్కు చీదుకుంటూ క్యారేజీ విప్పింది.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. జగ్గమ్మ మాత్రం ఊక మీద నుంచి లేవలేదు. చీకటి పడుతుంటే నా స్కూటీ మీద స్టేషన్‌కి తీసుకెళ్లాను. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక అంది.

"మా మావ రోజూ అడిగీవోడమ్మా, ఒక్కపాలి పిలవే అని. నేరిపించడానికే అడుగుతన్నాడనుకున్నాను. ఇన్ని మిల్లుల్లో ఎంతమంది సేత పిలిపించినాను. ఆయన్ని మాత్రం నానెప్పుడూ పిలవలేదు. నోరు రాలేదు. అలాగే పోయినాడు."

ఇంతలో పక్క లైన్లో గూడ్సు బండి వచ్చింది. ప్లాట్‌ఫారం అదిరింది, పక్కవాళ్ల మాట వినపడని మోత. జగ్గమ్మ బుట్ట కింద పెట్టింది. ఆ మోతకు ఎదురుగా నిలబడి, గొంతు చిరిగిపోయేలా అరిచింది.

"ఎల్లాజీ!"

బెంచీ మీద కునుకు తీస్తున్న ముసలాయన ఉలిక్కిపడి లేచి, "ఏటమ్మా, నన్నేనా?" అన్నాడు.

"నిన్ను గాదు బాబూ," అంది జగ్గమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "మా మావని."