బీచ్‌వర్త్ కొండ దారిలో మేధ ఫ్రెంచి గేరు

మా కారు ఎప్పుడూ ఎండకీ వానకీ బయటే ఉంటుంది, ఎందుకంటే గరాజు మా అమ్మాయి మేధది. ఆస్ట్రేలియాలో మేముండే గంగాలిన్‌లో తోటిపిల్లలు షాపింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతుంటే, ఈ పదహారేళ్ళ పిల్ల పాత సైకిళ్ళు విప్పుకుని కూర్చుంటుంది. పోయిన ఏడాది బీచ్‌వర్త్ అనే కొండ ఊళ్ళో పాత సైకిళ్ళు సేకరించే కెన్ అనే పెద్దాయన దానికి ఒక ఫ్రెంచి డెరైలర్ ఇచ్చాడు. వెనక చక్రం దగ్గర గొలుసును చిన్న పళ్ళచక్రం మీంచి పెద్దదాని మీదికి జరిపే గేరు అది. సైకిళ్ళకు గేర్లు వచ్చిన తొలినాళ్ళలో ఫ్రాన్సులోని సాంత్-ఎతియెన్ వర్క్‌షాపుల్లో తయారైన రకం. ఇస్తూ ఒక షరతు పెట్టాడు. ఇక్కడ చలి మొదలయ్యే మే నెలలో జరిగే పాత సైకిళ్ళ పండగలో కాలు కింద పెట్టకుండా కొండ ఎక్కితే అది మేధదే. ఎక్కలేకపోతే ఊరి ప్రదర్శనశాలలో అద్దాల పెట్టెలోకి పోతుంది. అందుకే ఈ ప్రయాణం.

శనివారం పొద్దున్నే సైకిల్‌ను కారు వెనక కట్టుకుని బయల్దేరాం. బార్టన్ హైవే మీద యాస్ దాకా వెళ్ళి, అక్కడ హ్యూమ్ హైవే ఎక్కితే ఆల్బరీ వరకూ ఇబ్బంది లేని దారి. ఆగుతూ వెళ్తే బీచ్‌వర్త్‌కు ఐదు గంటలు, పెట్రోలుకు డెబ్బై డాలర్ల దాకా అవుతుంది. గండగై దగ్గర ఆగి పులిహోర తిన్నాం. మామూలుగా తెలుగులో అడిగితే ఇంగ్లీషులో ముక్తసరిగా జవాబిచ్చే పిల్ల, గేర్ల ఊసెత్తితే మాత్రం నోరు మూయదు. ఆ రోజుల్లో రేసుల పెద్దలు గేర్లను రానివ్వలేదట, అవి వయసు మళ్ళినవాళ్ళకని వెక్కిరించారట. సాంత్-ఎతియెన్‌వాళ్ళు మాత్రం తగ్గలేదట. తాము చేసిన గేర్లతో తామే కొండలెక్కి, కుదరకపోతే మళ్ళీ మార్చి చూసేవారట.

"వన్స్, గేర్లున్న సైకిల్ మీద ఒక లేడీ, గేర్లు లేని మేల్ రేసర్‌ని కొండల్లో బీట్ చేసిందమ్మా!" అంది.

అబ్బ, నాకెంత గర్వమొచ్చిందో! ఆవిడెవరో మా పెదనాన్న కూతురైనట్టు పొంగిపోయాను.

కారవాన్ పార్కులో క్యాబిన్ రాత్రికి నూట అరవై డాలర్లు. హీటరుంది గానీ దుప్పటి ఒకటి ఎక్కువే తెచ్చుకోండి. ఆదివారం పొద్దున తలుపు తీస్తే గడ్డంతా తెల్లటి మంచు. కొండ మొదట్లో కెన్ మాకోసం నిలబడి ఉన్నాడు. మేధ సైకిలెక్కి గేరు మీట లాగింది. కదల్లేదు. దిగి మళ్ళీ లాగింది. ఊహూఁ. పిల్ల మొహం వాడిపోయింది.

"ఇంట్లో బాగానే పనిచేసింది కదే!" అన్నాను.

గేరు లోపలి కడ్డీని అది గోటితో గీకింది. తెల్లగా మైనంలా ఊడివచ్చింది. వాసన చూసి తలెత్తింది. "నాన్నా, వాట్ డిడ్ యూ పుట్ ఇన్ దిస్?"

మా వారిది అమలాపురం. తలకీ, తాళాలకీ, తలుపు బందులకీ ఆయన దగ్గర ఒకటే మందు. "కిర్రుకిర్రుమంటోంది కదాని మార్చిలో కాస్త కొబ్బరి నూనె వేశానే," అన్నారు నసుగుతూ. ఆ ఎండలకి నున్నగా పనిచేసిన నూనె ఈ చలికి గడ్డకట్టి కూర్చుంది.

"ఏవండీ, అది గేరండీ, మీ నెత్తి కాదు!" అని గయ్యిమన్నాను.

కెన్ కడుపు పట్టుకుని నవ్వాడు, షరతు మాత్రం సడలించలేదు. "ఇంకో పావుగంటలో అందరూ బయల్దేరతారు," అన్నాడు.

మా వారు కారు దగ్గరికి పరుగెత్తి, టీ కోసం తెచ్చిన ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకొచ్చారు. ఆయన కడ్డీ మీద పోస్తుంటే మేధ గుడ్డతో తుడిచింది. "స్లోలీ నాన్నా, కొంచెం కొంచెం!" అంటూనే ఉంది. చివరికి కెన్ జేబులోంచి పల్చటి మిషను నూనె తీసి ఇచ్చాడు. మీట టక్కున కదిలింది, మేధ అందరితోపాటు బయల్దేరింది.

రెండో మలుపులో సైకిల్ దాదాపు ఆగిపోయింది. హ్యాండిల్ వణికింది. కాలు దింపేస్తుందనే అనుకున్నాను. మేధ ఒక్క క్షణం తొక్కుడు తేలిక చేసి మీట లాగింది, గొలుసు పెద్ద చక్రమెక్కింది. ఇక మెల్లిగా, కుట్టుమిషను తొక్కినట్టు, పైదాకా వెళ్ళిపోయింది. మా వారు నడిరోడ్డు మీద ఈలేశారు. నేనైతే "అది నా కూతురు!" అని ముక్కూమొహం తెలియనివాళ్ళందరికీ తెలుగులోనే చెప్పేశాను.

తిరిగొస్తున్నంతసేపూ ఆ వర్క్‌షాపుల వాళ్ళే గుర్తొచ్చారు. మామూలు కాళ్ళతో కూడా కొండ దాటొచ్చని, ఎవరెంత వెక్కిరించినా పట్టుబట్టిన మొండివాళ్ళు. ఎక్కడో ఫ్రాన్సులో ఎవరో స్ప్రింగు చుట్టి చేసిన ముక్కను, ఆస్ట్రేలియాలో పుట్టిన మా తెలుగు పిల్ల బాగుచేసి కొండెక్కించింది. నాకు చాలా గర్వంగా ఉంది, దాచుకోను.

మీరూ వెళ్తే ఒక్క సలహా. ప్రదర్శనశాలను ముందే చూసుకోండి, ఆదివారం మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు. ఫ్రెంచి గేర్ల వరసలో ఒక చోటు ఖాళీగా కనిపిస్తుంది. అక్కడ కెన్ తన చేత్తో రాసిపెట్టిన చీటీ ఉంటుంది: "ఇది ఇక్కడ లేదు. మేధ తొక్కుతోంది."