పుష్ప చదివిన పట్టిక

గొర్ల గుర్వయ్య బిడ్డ పుష్పను మొదటిసారి చూసినవాళ్లు బిత్తరపోతారు. వెంట్రుకలు, కనుబొమలు, ఒళ్లు అన్నీ తెలుపే. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేదు. అది అంటుకునే రోగం కాదు, ఎవరి పాపమూ కాదు. ఆశ కార్యకర్తగా కట్టంగూరు చుట్టుపక్కల ఈ మాట చెప్పీ చెప్పీ నా నాలుక అరిగిపోయింది.

ఊళ్లో ఆమెను దొరసాని అంటారు. దొరసాని అయితే నీడపట్టున కూర్చునేది కదా! ఈ దొరసాని పత్తి చేన్లలో కూలికి పోతుంది. ఎండకు మెడ, చెవులు బొబ్బలెక్కుతాయి. ఎడమ చెవి మీది పుండు ఎనిమిది నెలలైనా మానకపోతే దవాఖానలో కోసి తీశారు. "మళ్లీ ఎండల తిరిగితే పానానికే వస్తది" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఎండలోకి పోకుంటే తిండి ఎలా? అదృష్టంకొద్దీ ఆడపిల్లల హాస్టల్లో ఆయా కొలువు ఒకటి పడింది, దివ్యాంగుల కోటా కింద. పుష్పకు చూపు కూడా బాగా తక్కువ. బారెడు దూరంలో ఉన్న మనిషిని గొంతును బట్టే గుర్తుపడుతుంది. ఆ సంగతి కండ్ల డాక్టరు కాగితం మీద రాసిస్తే చాలు. దరఖాస్తుకు గడువు నెలాఖరు. నేనే దగ్గరుండి కండ్ల పరీక్షల క్యాంపుకు తీసుకుపోయాను.

వరుస చాలా పొడుగుంది. ముందున్నవాళ్లు గోడమీది అక్షరాల పట్టిక పైకి చదువుతున్నారు, తప్పులను డాక్టరు సరిదిద్దుతున్నాడు. పుష్ప కండ్లు మూసుకుని నిలబడింది. వెలుతురుకు కండ్లు గుంజుతున్నాయేమో అనుకున్నాను. నా మొద్దు బుర్రకు ఇంకేమీ తట్టలేదు.

ఆమె వంతు వచ్చింది. "చదువమ్మా" అన్నాడు డాక్టరు.

పై వరుస నుంచి అడుగు వరుస దాకా ఒక్క అక్షరం తప్పకుండా గడగడా అప్పజెప్పింది. చూపు బాగానే ఉందని ఆయన రాసేశాడు.

"దిమాఖ్ ఖరాబయిందా పిల్లా నీకు?" అని పక్కకు గుంజాను.

"అలవాటైందక్కా. బడిల బోర్డు కనబడది అంటే సారు కొట్టేటోడు. పక్క పిల్ల చదివింది ఇని గట్లనే అప్పజెప్పేదాన్ని. చదువు అనంగనే నోరు దానంతటదే ఉరికింది."

మళ్లీ డాక్టరు ముందు నిలబెట్టాను. బడిలో ఆ దెబ్బలు తిన్నాక, ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా కనబడదన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు.

"సార్, నాకు కనబడది. గా అక్షరాలు ఇని చెప్పిన."

డాక్టరు తలెత్తలేదు. "దివ్యాంగుల కార్డు కోసం పొద్దటిసంది అందరూ గిదే అంటున్నరు. ఇప్పుడే కనబడ్డది, ఇప్పుడే కనబడదా?"

"ఇంకో పట్టిక పెట్టి చూడు సారూ" అని నేను పోట్లాడాను. ఉన్నది అదొక్కటే అన్నాడు. మళ్లీ క్యాంపు ఆర్నెల్లకు పెడతామని చెప్పి తర్వాతి పేరు పిలిచాడు.

బస్టాండులో బస్సు వచ్చి ఆగింది.

"బోర్డు మీద ఏముందక్కా?" అని అడిగింది పుష్ప.

మనదేనని చెప్పి చెయ్యి పట్టి ఎక్కించాను. కిటికీలోంచి ఎండ పడుతుంటే కొంగు చెవి మీదికి లాక్కుంది.

"రేపు ఐలేశం చేన్ల పత్తి ఏరేదుంది. పొద్దుగాల్నే పోవాలె" అంది.

ఆమెను నీడవైపు సీట్లోకి జరిపి, కిటికీ పక్కన నేను కూర్చున్నాను.